రోమన్ గాజు పని, 3వ పాఠం: సగం ముఖం చేస్తే చాలు

పోయిన పాఠంలో రంగులు చూశాం. కోబాల్ట్‌తో ముదురు నీలం, యాంటిమొనీతో పాలలాంటి తెలుపు, గాలి సరిగా ఆడని కొలిమిలో రాగితో ఎరుపు. ఇవాళ ఆ రంగుల్తో బొమ్మ కడదాం.

క్రీ.పూ. 1వ శతాబ్దం, క్రీ.శ. 1వ శతాబ్దం నాటి గాజు బిళ్లలు కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీద నాటకాల్లో వేసుకునే ముసుగుల ముఖాలుంటాయి, సైజు రెండు మూడు సెంటీమీటర్లే. చెక్క సామాన్లలో, పెట్టెల్లో పొదగడానికి చేసి ఉంటారని పండితుల అంచనా. అంత చిన్న కంటికి రెప్ప, నల్లగుడ్డు, కనుబొమ అన్నీ ఎలా వచ్చాయంటే, ఎవరూ కుంచెతో గీయలేదు. రంగురంగుల గాజు కడ్డీల్ని సగం ముఖం ఆకారం వచ్చేలా కట్టగా పేర్చి, వేడి చేసి అతికించి, మెత్తగా ఉండగానే సాగదీసేవారు. కట్ట సన్నబడేకొద్దీ లోపలి బొమ్మా చిన్నదవుతుంది, కానీ చెదిరిపోదు. ఆ తర్వాత అడ్డంగా ఎక్కడ కోసినా అదే సగం ముఖం.

ఇంట్లో కొలిమి వద్దు, పాలిమర్ క్లే (బొమ్మలు చేసుకునే రంగుల ప్లాస్టిక్ ముద్ద) చాలు. నల్లటి సన్న కడ్డీకి తెల్ల పొర చుట్టి, దాని మీద పల్చటి నల్ల పొర చుట్టండి, అది కన్ను. పైన కనుబొమకి నల్ల పట్టీ పెట్టండి. సగం ముక్కు, సగం నోరు మాత్రం కట్టకి చదునుగా ఉన్న పక్కనే రావాలి, ఎందుకంటే అతుకు పడేది అక్కడే. సందులన్నీ చర్మం రంగుతో గాలి లేకుండా నింపి, మధ్య నుంచి చివరలకి నెమ్మదిగా నొక్కుతూ సాగదీయండి. చివర్లు వంకరపోతాయి, కోసి పక్కన పెట్టేయండి. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాకే కోయాలి, లేకపోతే బ్లేడు కింద కన్ను నలిగిపోతుంది.

ఇప్పుడు పక్కపక్కనే రెండు ముక్కలు కోసి, పుస్తకం తెరిచినట్టు ఒకదాన్ని తిప్పి రెండో దాని పక్కన పెట్టండి. నిండు ముఖం వచ్చేస్తుంది! నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. రోమన్ పనివాళ్లూ ఇలాగే రెండు ముక్కల్ని అతికించి, పైభాగాన్ని అరగదీసి పాలిష్ చేసేవారు.

అసలు బిళ్ల ఫొటో దొరికితే ముందు నడిమి అతుకు వెతకండి. తర్వాత కనుబొమలు చూడండి. ఎడమ కనుబొమలో చిన్న వంకర ఉంటే కుడివైపూ అదే వంకర, అద్దంలో చూసినట్టు ఉంటుంది. అంటే రెండూ ఒకే కట్టలోవి.

ఒక జాగ్రత్త. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎముక చెక్కడాలు, గాజు బిళ్లలు పొదిగిన రోమన్ మంచం ఉంది. అది ముక్కలతో తిరిగి కూర్చినది, ఆ చదరపు గాజు బిళ్లలు మొదట్నుంచీ ఆ మంచానివేనని ఖాయంగా చెప్పలేమని మ్యూజియం వాళ్లే రాశారు. కాబట్టి బిళ్ల ఎలా చేశారన్నది వేరు, ఎక్కడ పొదిగారన్నది వేరు. నోట్సులో రెండూ విడివిడిగా రాసుకోండి.

వచ్చే పాఠంలో గోడలకి వెళ్దాం, ఇటలీలోని పాత రోమన్ పట్టణం హెర్క్యులేనియంలో సముద్ర దేవుడు నెప్ట్యూన్, అతని భార్య ఆంఫిట్రైటీల మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన బొమ్మ) దగ్గరికి. అప్పటిదాకా ఒక్క కట్ట నుంచి కనీసం నాలుగు ముఖాలు కోసి చూడండి.