బాబా, పాపా తెలుసుకుందామని స్కానింగ్‌కి తీసుకెళ్తామంటే ఏం చెయ్యాలి

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి చుట్టుపక్కల ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మొదట ఆడపిల్ల పుట్టిన ఇళ్లలో, రెండోసారి మూడో నెల దాటేసరికి ఒక మాట మొదలవుతుంది: "ఇక్కడ చెప్పరు గానీ, ఆంధ్రా వైపు వెళ్తే చెప్తారట."

ముందు ఆ మాటకి జవాబు నేర్చుకో తల్లీ. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదని 1994లో వచ్చిన చట్టం కేంద్రానిది, బోర్డర్‌కి అటూ ఇటూ ఒకటే. నోటితో చెప్పినా, సైగ చేసినా నేరమే. డాక్టరుకే కాదు, చెప్పమని అడిగిన భర్తకీ అత్తమామలకీ 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. వేరేలా రుజువైతే తప్ప, నిన్ను వాళ్లే బలవంతపెట్టారని కోర్టు అనుకుంటుంది.

అత్తగారితో ఒక్కదానివే వాదనకి దిగకు. ఆవిడా ఒకప్పుడు ఇవే మాటలు పడి ఉంటుంది. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, ఆశా కార్యకర్త చేత చెప్పించు. ఆడో మగో తేలేది తండ్రి కణం బట్టే అని ఆయన చెవిన కూడా పడాలి.

"మా ఒక్క ఇంటితో ఏమవుతుంది? ఆడపిల్లలు తగ్గితే వాళ్లకే విలువ" అంటారు. ఆ మాట వింటే నాకు కడుపు రగిలిపోతుంది. మామూలుగా 1000 మంది మగపిల్లలకి 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. 2011 జనాభా లెక్కల్లో, మన ఒడిశాలోనే నయాగఢ్ జిల్లాలో ఆరేళ్లలోపు పిల్లల్లో 1000 మంది మగపిల్లలకి ఆడపిల్లలు 855 మందే. హర్యానాలో పెళ్లికి పిల్లలు దొరక్క, ఒడిశా పేదిళ్ల అమ్మాయిలను దళారులకి డబ్బిచ్చి తీసుకుపోతున్నారు. భాష రాని ఊళ్లో, పుట్టింటికి అంత దూరంలో ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? ఇదా విలువ?

స్కానింగ్ మాత్రం మానకు, బిడ్డ ఎదుగుదల తెలియాలి. అక్కడ ఫారం ఎఫ్ మీద సంతకం పెట్టమంటారు. ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని అందులో ఉంటుంది. ఒడియా రాకపోతే తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టు.

ఎవరైనా డబ్బు తీసుకుని చెప్తున్నారని తెలిస్తే, జిల్లాలో ఈ చట్టం చూసే అధికారికి కాగితం రాసివ్వు. చర్య తీసుకోకపోతే కోర్టుకి వెళ్తానని అందులోనే రాయాలి. కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. 15 రోజులు గడిచాక నేరుగా కోర్టుకి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు ఆ కాపీ దగ్గరుండాలి.