రన్‌వే గీతలు, బోర్డులు ఎట్లా చదవాలి: పైలట్ ట్రైనింగ్‌కు పోయే మన పాలమూరు, నల్లగొండ పిల్లల కోసం

జడ్చర్లలో హైదరాబాద్ బస్సెక్కితే శంషాబాద్ దగ్గర కిటికీలోంచి పైకి చూడండి. హైవే దాటి తూర్పు వైపు దిగుతున్న విమానం కనిపిస్తే అది ఎయిర్‌పోర్టులో 09 నంబరు రన్‌వే మీదికి పోతోందని చూడకుండానే చెప్పొచ్చు, ఎందుకంటే రన్‌వే నంబరంటే దిక్సూచి డిగ్రీలను దగ్గరి పదికి సరిచేసి చివరి సున్నా తీసేయడమే. తూర్పు 90 కాబట్టి 09, అదే రన్‌వేకు అవతలి కొసన పడమర 270 కాబట్టి 27. అక్కడ పక్కపక్కనే రెండు రన్‌వేలున్నాయి కనుక ఎడమదానికి ఎల్ (లెఫ్ట్), కుడిదానికి ఆర్ (రైట్) చేరుస్తారు. తికమకంతా ఇక్కడే, ఎదురు దిక్కు నుంచి వస్తే ఎడమ కుడి అవుతుంది: 4,260 మీటర్ల పెద్ద రన్‌వే తూర్పుకు దిగేవాళ్లకు 09ఆర్, పడమరకు దిగేవాళ్లకు 27ఎల్.

రన్‌వే మీద గీతలు తెల్లవి, టాక్సీవే (విమానం రన్‌వేకు పోయి వచ్చే దారి) మీద పసుపువి. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం ఉంటే అది మీరున్న చోటు, పసుపు బోర్డు మీద నల్ల అక్షరం, బాణం ఉంటే పోయే దారి. ఎర్ర బోర్డు మీద తెల్ల నంబర్లు కనిపిస్తే ముందు రన్‌వే ఉందని, ఏటీసీ (రేడియోలో అనుమతులిచ్చే కంట్రోల్ టవర్) చెప్పేదాకా కదలొద్దు.

ఆ ఎర్ర బోర్డు పక్కనే నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి, రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నేను మొదటి వారంలో రేడియోలో జవాబు చెప్పే టెన్షన్‌లో వీటిని చూడనే లేదు, మా సారు బ్రేక్ తొక్కకపోతే ముందు చక్రం వాటి మీదికెక్కేది. తర్వాత ఆయన చెప్పింది ఒకటే: కల్వకుర్తి రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసే లెక్కే ఇది. మీ వైపు నిండు గీత ఉంటే ఆగాలి, తెగిన గీత ఉంటే దాటొచ్చు. విమానం దింపి రన్‌వే నుంచి బయటికొచ్చేటప్పుడు మీకు ముందు తెగిన గీతలే వస్తాయి కాబట్టి ఆగకుండా దాటేయాలి, తోక కూడా నిండు గీతల అవతలికి వచ్చేదాకా రన్‌వే ఖాళీ అయినట్టు కాదు. చాలామంది ముక్కు దాటగానే ఆగిపోతారు.

రన్‌వే మొదట్లో తెల్ల బాణాలుంటే ఆ ముక్క మీద దిగకూడదు, కానీ టేకాఫ్ పరుగు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. పసుపు రంగులో ఇంగ్లిష్ 'V' ఆకారాలుంటే దేనికీ వాడొద్దు.

రాత్రి రెండు పక్కలా నీలం లైట్లుంటే మీరు టాక్సీవే మీదే ఉన్నట్టు. లైనప్ అయ్యాక, అంటే టేకాఫ్‌కు రన్‌వే మీద నిలబడ్డాక, దిక్సూచి వైపు ఒక్కసారి చూడండి. 27 ఇచ్చారనుకుంటే అది 90 చూపిస్తోందా, పవర్ పెట్టకుండా ఏటీసీని అడగండి.