రెండు రొయ్యల కంపెనీలు ఒకటైన తర్వాత: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

విలీనానికి కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఉత్తర్వు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ మర్నాటి నుంచి రెండు సంస్థలనూ ఒక్కటిగా నడపడం మరో ఎత్తు. నెల్లూరు జిల్లాలో రొయ్యలు కొని, శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఒకే చెరువు గట్టు మీద రెండు ధరలు

తెల్లవారకముందే విడవలూరు వైపు ఒక చెరువులో పట్టుబడి మొదలైంది. గట్టు మీద ట్రేలు నిండుతున్నాయి, ఐసు కరుగుతోంది. ఒకే కంపెనీ పేరు చెప్పుకుంటూ రెండు వ్యాన్లు వచ్చాయి. నలభై కౌంట్‌కు, అంటే కిలోకు నలభై తూగే సరుకుకు, ఒకరు చెప్పిన ధర కంటే రెండోవారు పది రూపాయలు ఎక్కువ చెప్పారు. "మీరంతా ఒకటే అన్నారు కదా సార్, ఎవరి మాట నమ్మాలి?" అని రైతు అడిగితే ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. వాళ్లు తేల్చుకునేలోపు నష్టపోయేది రైతే. ఎండ ఎక్కితే సరుకు మెత్తబడుతుంది.

ఇందులో కొనుగోలు సిబ్బంది తప్పు లేదు. ఇద్దరికీ వాళ్ల పాత మేనేజర్లే ఫోన్ చేసి ధర చెబుతున్నారు. కొత్త కంపెనీలో ధర ఖాయం చేసే అధికారం ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

ఆ అధికారం ఒక్కరికే ఇవ్వండి. ప్రతి సాయంత్రం ధరల పట్టిక ఒకే ఫోన్ నుంచి అందరికీ వెళ్లాలి. దాన్ని మించి ఇవ్వాలంటే ఆ వ్యక్తి అనుమతి తప్పనిసరి. సిబ్బందిని పాత కంపెనీల వారీగా ఉంచకుండా మండలాల వారీగా పంచండి: ఇందుకూరుపేట ఒకరికి, అల్లూరు ఒకరికి. పాత కంపెనీ ఇవ్వాల్సిన బాకీని కొత్త కంపెనీ ఏ తేదీకి చెల్లిస్తుందో రైతుకు కాగితం మీద రాసివ్వండి. రైతుకు అసలు భయం ధర గురించి కాదు, పాత బాకీ గురించే.

ఒక్క హెచ్చరిక. ఈ ఏర్పాటును కాగితం మీద ముందే సిద్ధం చేసుకోవచ్చు, అమలు మాత్రం విలీనం పూర్తయ్యాకే. అప్పటిదాకా మీరు పోటీదారులు. కలిసి కొనుగోలు ధర నిర్ణయిస్తే 2002 నాటి పోటీ చట్టంలోని 3వ సెక్షన్ కిందికి వస్తుంది.

పాత కంపెనీ జీఎస్టీ క్రెడిట్ కనిపించడం లేదు

విలీనమైతే క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోని మొత్తం, దానంతటదే వస్తుందనుకుని పాత రిజిస్ట్రేషన్‌ను ముందే రద్దు చేయించుకోవడం దీనికి మామూలుగా కనిపించే కారణం. పాత కంపెనీ తన లాగిన్ నుంచి క్రెడిట్‌ను బదిలీ చేసే ఐటీసీ-02 ఫారం వేయాలి, దానికి చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జతచేయాలి, కొత్త కంపెనీ దాన్ని పోర్టల్‌లో అంగీకరించాలి. ఇవన్నీ అయ్యాకే రద్దు సంగతి చూడండి. ఇంకో మాట: ఉత్తర్వు వెనకటి తేదీ నుంచి వర్తిస్తుందని ఉన్నా, ఉత్తర్వు వెలువడిన రోజు వరకు రెండు కంపెనీల మధ్య జరిగిన అమ్మకాలను జీఎస్టీ వేర్వేరు కంపెనీల అమ్మకాలుగానే చూస్తుంది. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని, అది అందిన 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం మరవద్దు.

పీలింగ్ హాలులో గొడవ

రొయ్యల పొట్టు తీసే పీలింగ్ పనికి ఒక కంపెనీలో కిలో లెక్కన కూలి, రెండోదాంట్లో రోజు లెక్కన. పక్కపక్క బల్లల దగ్గర ఒకే పని చేస్తున్న ఆడవాళ్లు మొదటి వారంలోనే లెక్క పోల్చుకుంటారు, పోల్చుకోవాలి కూడా. కూలి పద్ధతి తేల్చాకే బల్లలు కలపండి. ప్రతి ఒక్కరికీ పాత చేరిక తేదీ వేసి, సర్వీసు తెగలేదని తెలుగులో ఉత్తరం ఇవ్వండి. గ్రాట్యుటీ ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

సమావేశాలు జరుగుతున్నాయి, పని కదలడం లేదు

రెండు కంపెనీలను కలిపే పని చూసే కమిటీలో పదిహేను మంది ఉంటే ఎవరూ నిర్ణయం తీసుకోరు. ఐదుగురు చాలు, అందులో ఇద్దరు ప్లాంటులో నిలబడి పనిచేయించేవాళ్లై ఉండాలి. వారానికి ఒకసారి కూర్చోండి. వారంలో తేలని విషయం నేరుగా మేనేజింగ్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒక రిజిస్టరు పెట్టి అందులో పని, బాధ్యుడు, గడువు రాయండి. బాధ్యుడి గడిలో రెండు పేర్లు కనిపిస్తే, సమావేశం ముగిసేలోపు ఒకటి కొట్టేయించండి.