ఆపరేషన్‌కు ముందు: రక్తంలోకి పాకే మొండి బ్యాక్టీరియాతో జాగ్రత్తలు

ఆపరేషన్ తేదీ ఖరారైతే ఖర్చు, సెలవులు, తోడుండే మనిషి, వీటి గురించే అందరి టెన్షన్. ఇన్ఫెక్షన్ సంగతి డాక్టర్లు చూసుకుంటారులే అనుకుంటాం. చూసుకుంటారు, నిజమే. కానీ మందులే మునుపటిలా పనిచేయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం, 2023లో ల్యాబ్‌లో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఆరింట ఒకటి యాంటీబయోటిక్‌కు లొంగలేదు. రక్తంలో ఎక్కువగా కనిపించే బ్యాక్టీరియాల్లో ఈ.కోలై 40 శాతానికి పైగా, క్లెబ్సియెల్లా 55 శాతానికి పైగా మూడో తరం సెఫలోస్పోరిన్లను తట్టుకుంటున్నాయి. ఇలాంటి ఇన్ఫెక్షన్లకు డాక్టర్లు ముందుగా వాడే మందుల్లో ఇవీ ఉంటాయి.

చేరేముందు, ఈ మధ్య వాడిన యాంటీబయోటిక్స్, ఆస్పత్రిలో ఉండి వచ్చిన రోజులు, పాత కల్చర్ రిపోర్టులు (ఏ బ్యాక్టీరియా ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చెప్పే ల్యాబ్ పరీక్షవి) డాక్టరుకు చెప్పండి. మొదటి మందు ఎంపిక వీటిని బట్టే మారవచ్చు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. కోత పెట్టే చోట ఇంట్లో రేజర్‌తో గీయకండి. కంటికి కనిపించని గాట్లే బ్యాక్టీరియాకు దారి. 'ముందు జాగ్రత్త' అంటూ ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని.

అసలు కన్నేసి ఉంచాల్సింది ఒంటికి తగిలించిన గొట్టాల మీద. సెలైన్ కాన్యులా, మెడ దగ్గరి సెంట్రల్ లైన్, యూరిన్ పైపు, ఏదైనా సరే, ఉన్నన్ని రోజులూ అది తెరిచిన తలుపే. రోజూ రౌండ్స్‌లో ఒక్క మాట అడగండి: "డాక్టర్ గారూ, ఇది ఇంకా అవసరమా?" మొహమాటం వద్దు. అమెరికాలోని మిషిగన్‌లో 100కు పైగా ఐసీయూలు చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో శుభ్రం చేయడం, అక్కర్లేని లైన్ తీసేయడం లాంటి ఐదు పనులు పట్టుదలగా చేశాయి. ఏడాదిన్నరలో సెంట్రల్ లైన్ వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రచురించారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు వాళ్లు!

సూది చోట ఎర్రబడినా, నొప్పి పుట్టినా, డ్రెస్సింగ్ తడిసినా వెంటనే నర్సుకు చెప్పండి. యూరిన్ బ్యాగు నడుముకన్నా కిందే వేలాడాలి, నేలను తాకకూడదు. చూడటానికి వచ్చేవాళ్లు చేతులు శుభ్రం చేసుకున్నాకే మంచం దగ్గరికి రావాలి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

చలితో జ్వరం, ఆయాసం, తికమక మాటలు, మూత్రం తగ్గడం సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) గుర్తులు కావచ్చు. పెద్దవాళ్లలో జ్వరం లేకుండా ఒళ్లు చల్లబడవచ్చు కూడా. ఇంటికి వచ్చాక ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వీలైతే యాంటీబయోటిక్ ఎక్కించకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి, అలాగని దానికోసం మందు ఆలస్యం కాకూడదు. ఏ మందు పనిచేస్తుందో తేలడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు మందు మారిస్తే కంగారు పడకండి, అది మంచికే. ఆ రిపోర్టు ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఇంకెప్పుడైనా చేరాల్సి వస్తే ముందు అదే చూపించాలి.