టెండర్ పిలవక ముందే గ్రీన్ మెటీరియల్ రాయించుకోండి: నెల్లూరు, ప్రకాశం వాళ్ళకి

మన వైపు అంగన్‌వాడీ బిల్డింగో స్కూల్ కాంపౌండ్ వాలో శాంక్షన్ అయిందంటే అందరూ అడిగేది కాంట్రాక్టర్ ఎవరు అని, ఏం మెటీరియల్ వాడతారో ఎవరికీ పట్టదు. గోడ సగం లేచాక సర్పంచ్ గారో స్కూల్ కమిటీ వాళ్ళో వచ్చి బూడిద ఇటుకలు (బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద, అంటే ఫ్లై యాష్‌తో చేసేవి) పెట్టొచ్చు కదా, ఎర్ర ఇటుకలు ఎందుకు దించారు అంటారు. అగ్రిమెంట్‌లో ఎర్ర ఇటుక అని ఉంటే కాంట్రాక్టర్ అదే కడతాడు, ఆయన తప్పేం లేదు. ఊరి పనుల టెండర్లలో తక్కువ కోట్ చేసినోడికే పని, మంచి మెటీరియల్ వాడతానంటే ఎక్స్‌ట్రా మార్కులేం పడవు. అందుకని ఏం రాయించుకున్నా ఎస్టిమేట్ అప్పుడే, టెక్నికల్ శాంక్షన్‌కి (ఎస్టిమేట్‌కి ఇంజనీర్లు ఇచ్చే ఆమోదానికి) ఫైల్ పోకముందే రాయించుకోవాల.

ముందు గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని, తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని కలవండి. ఉత్త నోటిమాటగా కాకుండా పంచాయతీ తీర్మానం కాపీ చేతిలో పెట్టుకుని పోండి, దాంతోపాటు 2021 డిసెంబర్ 31న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన బూడిద వాడకం నోటిఫికేషన్ కూడా ప్రింట్ తీసుకోండి. బొగ్గు కరెంటు ప్లాంటుకి 300 కిలోమీటర్ల లోపల బిల్డింగ్‌లు కట్టే ఏజెన్సీలు బూడిద ఇటుకలు, టైల్స్ లాంటివి వాడాల్సిందే అని దాంట్లో ఉండాది, కాకపోతే వాటి రేటు మామూలు సరుకు కంటే ఎక్కువ ఉండకూడదు. ముత్తుకూరు మండలం నేలటూరు బొగ్గు కరెంటు ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు మూడుండాయి, గిద్దలూరు కంభం వైపు వాళ్ళకి ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) కూడా ఆ దూరంలోకే వస్తది. మా ఊరు దూరం అనే మాట మన వైపు ఎవరూ అనడానికి లేదు.

రోడ్డు కట్ట పోసే పనైతే ఇంకో రూల్ ఉండాది. 300 కిలోమీటర్ల లోపల రోడ్డు కట్టలకి బూడిద వాడాల, ప్లాంటు వాళ్ళే నోటీసు ఇచ్చి బూడిద తీసుకోమంటే సైట్ దాకా ఫ్రీగా దించాల, రవాణా ఖర్చు వాళ్ళదే. అదే మనమే పోయి అడిగితే మాట్లాడుకున్న రేటు కట్టాల్సి వస్తది, ఈ తేడా చూసుకోకుండా ఎస్టిమేట్‌లో సున్నా వేసి తర్వాత తల పట్టుకోవద్దు.

రేటు దగ్గరే గొడవంతా. ఎర్ర ఇటుక వెయ్యి ఇంత, బూడిద ఇటుక వెయ్యి ఇంత అని పోల్చే లెక్కని మాత్రం ఒప్పుకోవద్దు, సైజులు వేరు కాబట్టి ఆ లెక్కకి అర్థం లేదు. 190, 90, 90 ఎంఎం ఇటుకైతే 10 ఎంఎం జాయింట్‌తో క్యూబిక్ మీటర్ గోడకి 500 పడతాయి, 230, 110, 75 సైజైతే 400 పైన ఒక పది. కాబట్టి క్యూబిక్ మీటర్ గోడకి ఎంతవుద్దో తీయమనండి, లీడ్ (సరుకు సైట్ దాకా తెచ్చే దూరం ఖర్చు) కూడా కలిపి. బూడిద ఇటుక అంచులు సమంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టరింగ్ మందం తగ్గుద్ది, అది కూడా లెక్కలోకి రావాల. మీకు కావాల్సిన ఐటెం ఎస్ఎస్ఆర్‌లో (సర్కారు రేట్ల పట్టికలో) లేకపోతే పక్కన పెట్టేయకుండా కొటేషన్లు తెప్పించి రేట్ డేటా తయారు చేయమని అడగండి.

ఇప్పుడు ఎస్టిమేట్‌లో ఐటెం ఎట్టా రాయాలో చూద్దాం. ‘పర్యావరణ హిత ఇటుకలు వాడవలెను’ అని రాస్తే అది ఉత్త అలంకారం, ఎవడూ పాటించడు, పాటించలేదని మనం నిరూపించనూలేం. ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) నంబర్, క్లాస్, టెస్ట్ మూడూ పడాల. బూడిద సున్నం ఇటుకకి ఐఎస్ 12894, బూడిద సిమెంట్ ఇటుకకి ఐఎస్ 16720. క్లాస్ 7.5 అని రాశారంటే సగటు బలం మిల్లీమీటర్ స్క్వేర్‌కి 7.5 న్యూటన్లు తగ్గకూడదు, 24 గంటలు నానబెడితే పీల్చే నీళ్ళు బరువులో 20 శాతం దాటకూడదు, టెస్ట్ ఐఎస్ 3495 ప్రకారం. బ్రాండ్ పేరు మాత్రం వద్దు, ఒక కంపెనీ పేరు పడిందంటే ఇంకో కంపెనీ వాడు కంప్లైంట్ పెడతాడు, టెండర్ అక్కడే ఆగుద్ది.

సిమెంట్‌కి ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంట్) అనే పాత అలవాటు పోవాల. పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) అయితే ఐఎస్ 1489 పార్ట్ 1, దాంట్లో 15 నుంచి 35 శాతం బూడిదే, అంత మేర క్లింకర్ (సున్నపురాయి కాల్చి చేసే సిమెంట్ ముడిసరుకు) కాల్చే పని తగ్గుద్ది. కొత్తపట్నం, సింగరాయకొండ, ముత్తుకూరు లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో స్లాగ్ (ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి చిట్టెం) సిమెంట్ బాగా పనికొస్తది, ఐఎస్ 455. కానీ ఇట్టాంటి సిమెంట్‌కి బలం నిదానంగా వస్తది, ఐఎస్ 456 కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయమంటది, మన ఎండలకి 14 రోజులు. ఇది స్పెషల్ కండిషన్స్‌లో రాయకపోతే మూడో రోజుకే నీళ్ళు ఆపేసి, తర్వాత పగుళ్ళొచ్చాయని గ్రీన్ సిమెంట్‌ని తిడతారు.

ఇసక కోసం పెన్నా మీదే పడకుండా ఎం-శాండ్ (రాయి పిండి చేసి తయారు చేసే ఇసక) రాయించుకోవచ్చు, ఐఎస్ 383 ఒప్పుకుంటది, కాకపోతే క్రషర్ డస్ట్ తెచ్చి ఇదే ఎం-శాండ్ అంటారు, జల్లెడ టెస్ట్ రిపోర్ట్ అడగండి. పాత బిల్డింగ్ పడగొట్టి కొత్తది కడుతుంటే ఆ కాంక్రీట్ ముక్కల్ని చెరువు గట్టున పారబోయనీయొద్దు. అదే ఐఎస్ 383 ప్రకారం కాంక్రీట్ నుంచి తీసిన కంకర ఎం15 గ్రేడు లోపు లీన్ కాంక్రీట్‌లో (సిమెంట్ తక్కువ కలిపే కాంక్రీట్‌లో) పూర్తిగా వాడుకోవచ్చు, ఎం25 దాకా ఆర్సీసీలో 20 శాతమే. చీమకుర్తి వైపు క్వారీల్లో సైజుకి రాని రాయి గుట్టలుగా పడుంటది, పునాదికి, రాతి కట్టడానికి బ్రహ్మాండంగా ఉంటది. పర్మిట్ కాగితాలు మాత్రం ఉండాల, లేకపోతే బిల్లులో సీనరేజ్ (గనుల రుసుము) కోత పడుద్ది.

పని మొదలయ్యాక లోడ్ దిగిన రోజే చూడాల, గోడలోకి పోయాక చూసేదేముంది. క్యూరింగ్ కాని పచ్చి బూడిద ఇటుకలు తెచ్చి అమ్మే యూనిట్లుండాయి, తయారైన తేదీ అడగండి, 28 రోజులు కాకపోతే వెనక్కి పంపండి, ఎండేకొద్దీ కుంచించుకుపోయి ప్లాస్టరింగ్ మీద గీతలు పడేది వాటితోనే. రెండు ఇటుకలు కొట్టి చూస్తే గణగణ మనాల, గోరుతో గీస్తే పొడి రాలకూడదు. ఇది మన తృప్తికే గానీ బిల్లుకి పనికిరాదు, బిల్లుకి ల్యాబ్ రిపోర్టే కావాల, శాంపుల్ కూడా ఏఈ ముందరే తీసి సంతకం పెట్టించి పంపాల, కాంట్రాక్టర్ తీసుకుపోయే శాంపుల్ ఎప్పుడూ పాసవుద్ది మరి! బేల్దారికి కూడా ఒక మాట చెప్పండి, ఎర్ర ఇటుకల్లాగా తొట్టిలో వేసి నానబెట్టకుండా పైన నీళ్ళు చల్లి కడితే చాలని.

రిపోర్ట్ నంబర్ ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కకుండా ఆ ఐటెంకి పార్ట్ బిల్లు పెట్టబోమని అగ్రిమెంట్‌లోనే ఒక లైను ఉంటే, ఇక సైట్‌లో మీరు అరవాల్సిన పని చాలా వరకు తగ్గుద్ది.