వెడ్జ్‌వుడ్ పళ్ళెం ఏనాటిదో దాని అడుగున ఉన్న ముద్రను బట్టి తెలుసుకోవడం ఎలా?

ఇంగ్లాండులోని పాత సామాన్ల దుకాణాల్లో పళ్ళెం చేతికి అందగానే ఎవరైనా మొదట దానిని బోర్లించి చూస్తారు. అక్కడ ఇంగ్లాండులోని ప్రసిద్ధ పింగాణీ సంస్థ వెడ్జ్‌వుడ్ పేరు కనబడితే చాలామంది తృప్తిపడి అక్కడితో ఆగిపోతారు. నిజానికి ఆ పేరు ఒక్కటే చెప్పేది చాలా తక్కువ; దాని పక్కన గింజంత పరిమాణంలో గుద్ది ఉండే మూడు అక్షరాలను చదవడం తెలిస్తే, ఆ పళ్ళెం ఏ సంవత్సరంలో, ఏ నెలలో తయారైందో కూడా చెప్పవచ్చు. అయితే ఆ అక్షరాల వరకు వెళ్ళే ముందు మూడు విషయాలను తేల్చుకోవాలి.

మొదటి అడుగు: అది ఏ రకం మట్టిదో చూడండి

తెలుగులో ఆవకాయ జాడీనీ, టీ కప్పునూ, విందు పళ్ళేన్నీ కలిపి పింగాణీ అనే అంటాం. మాటల్లో దానివల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు గానీ, ముద్రలు చదివేటప్పుడు మాత్రం ఆ అలవాటును పక్కన పెట్టాలి. జాడీ రాయిలా గట్టిపడేట్టు కాల్చిన స్టోన్‌వేర్, పలుచని ఖరీదైన కప్పు పోర్సెలిన్ గానీ, ఎముకల బూడిద కలిపిన బోన్ చైనా గానీ కావచ్చు, మనం ఇక్కడ మాట్లాడుకునేది తక్కువ వేడిలో కాల్చిన ఎర్తెన్‌వేర్ గురించి. పళ్ళెం వెనుక టార్చి వెలిగించి అరచేతిని అడ్డుపెట్టండి. బోన్ చైనా అయితే వేళ్ళ నీడ ఇవతలికి కనిపిస్తుంది, ఎర్తెన్‌వేర్‌లో వెలుగు ఇవతలికి రాదు. అడుగున గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, లేచిపోయిన చోటు ఉంటే, అక్కడ ఒక నీటిచుక్క వేసి చూడండి. ఎర్తెన్‌వేర్ దానిని మెల్లగా పీల్చుకుంటుంది.

గ్లేజు చిక్కగా పేరుకున్న చోట, అంటే అడుగు అంచు మూలల్లో, రంగును కూడా గమనించాలి. అక్కడ పసుపు గానీ లేత ఆకుపచ్చ గానీ కనిపిస్తే అది మీగడ రంగు క్రీమ్‌వేర్ అయ్యే అవకాశం ఎక్కువ. నీలం ఛాయ ఉంటే అది సంస్థ స్థాపకుడు జోసయా వెడ్జ్‌వుడ్ 1779లో ప్రవేశపెట్టిన పెర్ల్ వైట్ రకం కావచ్చు.

రెండవ అడుగు: సంస్థ చరిత్రలో కొన్ని తేదీలను గుర్తుంచుకోండి

జోసయా వెడ్జ్‌వుడ్ 1730లో స్టాఫర్డ్‌షైర్‌లోని బర్స్‌లెంలో కుమ్మరి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలో వచ్చిన మశూచి వల్ల కుడి మోకాలు దెబ్బతిని, కాలితో సారె తిప్పడం కష్టమైంది; 1768లో ఆ కాలిని తీసివేయవలసి వచ్చింది కూడా. సారె దగ్గర కూర్చోలేని ఆ కుమ్మరి మట్టి మిశ్రమాల మీద, గ్లేజుల మీద, ఆకృతుల మీద ప్రయోగాలు చేస్తూ 1759లో బర్స్‌లెంలో సొంత పని మొదలుపెట్టాడు. 1765లో షార్లెట్ రాణి కోసం చేసిన టీ సెట్టుతో ఆయన మీగడ రంగు సరుకుకు క్వీన్స్ వేర్ అనే పేరు స్థిరపడింది. రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరీన్ కోసం 1774లో పూర్తయిన 952 పాత్రల విందు సెట్టు కూడా ఆ మీగడ రంగు మట్టిదే. 1769లో ఎట్రూరియా అనే కొత్త కర్మాగారం ప్రారంభమైంది. 1940లో ఉత్పత్తి బార్లాస్టన్‌కు మారడం మొదలైంది. ముద్రలో ఎట్రూరియా, బార్లాస్టన్ రెండు పేర్లూ కలిసి కనిపిస్తే, అది తాతల నాటిదని అమ్మేవారు ఎంత గట్టిగా చెప్పినా 1940కి ముందుది కాదని ఇందువల్లనే చెప్పగలం.

మూడవ అడుగు: పేరును అక్షరం అక్షరం చదవండి

ఆ రోజుల్లో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులలో చాలామంది తమ సరుకు మీద ఏ గుర్తూ వేసేవారు కాదు. జోసయా తన పేరును పచ్చిమట్టిలో గుద్దించేవాడు, ఆ పేరుకు గిరాకీ పెరిగేసరికి దాన్ని పోలిన పేర్లు కూడా పుట్టుకొచ్చాయి. అసలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదే. మధ్యలో జి తరువాత ఇంకొక ఇ చేరి తొమ్మిది అక్షరాలైతే, అది స్టాక్టన్-ఆన్-టీస్‌లోని విలియం స్మిత్ సంస్థ సరుకు అయి ఉండవచ్చు; ఆ పేరు వాడకూడదని 1848లో కోర్టు వారిని నిషేధించింది. పేరుకు ముందు జె అనే పొడి అక్షరం ఉంటే, సాధారణంగా అది జాన్ వెడ్జ్ వుడ్ అనే మరొక కుమ్మరిది. పేరు తరువాత "అండ్ కో" అని ఉంటే, చాలావరకు అది టన్‌స్టాల్‌లో 1860 నుంచి పనిచేసిన ఈనక్ వెడ్జ్‌వుడ్ సంస్థది. ఆ సంస్థను అసలు వెడ్జ్‌వుడ్ 1980లో కొనేసింది గనుక, ఇప్పటికీ ఈ రెండింటినీ కలిపేసి అమ్మేవారు ఉన్నారు.

నాలుగవ అడుగు: మూడు అక్షరాలను విప్పండి

1860లో ఈ సంస్థ తన ఎర్తెన్‌వేర్ మీద పేరుతో పాటు మూడు అక్షరాలను గుద్దడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం నెలను, రెండవది పళ్ళెం చేసిన పనివాడిని, మూడవది సంవత్సరాన్ని సూచిస్తాయి. గ్లేజు గుంటల్లో నిండిపోవడం వల్ల ఇవి ఎదురు వెలుతురులో సరిగా కనబడవు; గది చీకటి చేసి, టార్చిని పళ్ళేనికి దాదాపు ఆనించి పక్కవాటుగా పట్టుకుంటే అంచుల నీడలు పడి అక్షరాలు తేలుతాయి.

సంవత్సరానికి 1860లో ఓ, 1861లో పి, ఇలా 1871లో జెడ్ వరకు వచ్చి, 1872లో ఎ తో రెండవ చుట్టు, 1898లో మళ్ళీ ఎ తో మూడవ చుట్టు మొదలయ్యాయి. అంటే ఒకే అక్షరం రెండు మూడు సంవత్సరాలకు సరిపోతుంది. చిక్కు ఇక్కడే ఉంది గానీ, దానిని విప్పే దారులు కూడా ఆ ముద్రలోనే ఉన్నాయి.

అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం దిగుమతి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలి గనుక, 1891 నుంచి ఇంగ్లాండ్ అనే మాట ముద్రలో చేరింది. పళ్ళెం మీద ఆర్, వి, సి అని ఉందనుకోండి. సి అంటే 1874 గానీ 1900 గానీ కావాలి. ఇంగ్లాండ్ అన్న మాట లేకపోతే అది 1874, మొదటి ఆర్ మార్చి, నడుమ ఉన్న వి పనివాడి గుర్తు.

ఓ నుంచి ఎస్ వరకు ఉన్న అక్షరాలతో ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే అవి 1860-64కూ 1886-90కీ చెందుతాయి, రెండూ 1891కి ముందువే. అప్పుడు నెల అక్షరమే ఆధారం. 1864లో మూడు నెలల గుర్తులు మారాయి: మార్చికి ఎం పోయి ఆర్, మేకు వై పోయి ఎం, జూలైకి వి పోయి ఎల్ వచ్చాయి. కనుక మూడవ అక్షరం క్యూ అయినప్పుడు, మొదటిది వి అయితే 1862 జూలై, ఎల్ అయితే 1888 జూలై. ఆగస్టు లాంటి నెలలకు గుర్తు మారలేదు; అటువంటి పళ్ళేల విషయంలో అచ్చు నమూనానూ ఆకృతినీ చూసి నిర్ణయించడం తప్ప వేరే మార్గం లేదు.

1907 నుంచి నెల అక్షరం స్థానంలో 3 అనే అంకె, 1924 నుంచి 4 వచ్చాయి. 1930 నుంచి సంవత్సరంలోని చివరి రెండు అంకెలనే వేశారు గనుక అక్కడ లెక్కకు పనే ఉండదు. 1860కి ముందరి సరుకు మీద ఈ అక్షరాలు ఉండవు.

ఐదవ అడుగు: ఇతర గుర్తులతో సరిపోల్చండి

అడుగున చతురస్రాన్ని మూలపై నిలబెట్టినట్టు ఒక గుర్తు ఉంటే, అది 1842 నుంచి 1883 వరకు వాడిన డిజైను రిజిస్ట్రేషన్ ముద్ర. 1884 నుంచి దాని బదులు వరుస సంఖ్యలు వాడుకలోకి వచ్చాయి. ఇవి చెప్పేది డిజైను నమోదైన తేదీనే, పళ్ళెం తయారైన తేదీని కాదు. మూడు అక్షరాలకు కూడా ఇటువంటి పరిమితి ఒకటుంది: అవి పచ్చిమట్టిలో పడినవి, బొమ్మ తరువాత అద్దినది. కాల్చిన తెల్ల పళ్ళేలు గోదాములో ఉండి, మరుసటి ఏడాదో ఆ పై ఏడాదో చిత్రకారుల బల్ల మీదికి వెళ్ళి ఉండవచ్చు గనుక, అడుగున 1874 అని తేలిన పళ్ళెం మీది పువ్వు 1876లో వేసినది అయినా అందులో తప్పేమీ లేదు.