పెరటి కోళ్ల పెంపకం – 5వ పాఠం: పాత మందలోకి కుర్ర పెట్ట

కొత్తగా తెచ్చిన కోడిని 30 రోజుల పాటు విడిగా ఎలా ఉంచాలో గత పాఠంలో చూశాం. వేరే చోటు, వేరే గిన్నెలు, ముందు పాత కోళ్ల పని ముగించుకుని ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లడం, చెప్పులు మార్చుకోవడం. మీ పెట్టకు ఆ గడువు ఇంకా పూర్తి కాకపోతే ఈ పాఠం చదివి పెట్టుకోండి, అమలు మాత్రం చేయకండి. తుమ్ములు, కంట్లో నురగ, ముక్కు కారడం, నీళ్ల రెట్ట లాంటివి ఈ నెలలో ఎప్పుడైనా కనిపించి ఉంటే ముందు పశువైద్యుడికి చూపించాలి. బాగానే ఉందనిపిస్తే ఒక రాత్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని, తోక కింద ఈకలు విడదీసి టార్చి లైటుతో చూడండి. ఈక మొదళ్ల దగ్గర తెల్లగా గుత్తులుగా అంటుకుని ఉన్నవి పేల గుడ్లు. వాటిని వదిలించాకే తర్వాతి అడుగు.

ఇక అసలు విషయానికి వద్దాం. కొత్త పెట్టను మందలో వదిలాక మిగతావి దాన్ని తరిమితే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. వెంటనే పరిగెత్తి దాన్ని ఎత్తుకుంటారు. రేపు మళ్లీ వదులుతారు, మళ్లీ ఎత్తుకుంటారు. ఇలా చేస్తే వ్యవహారం ఎన్నాళ్లయినా తేలదు. కోళ్ల మధ్య ఏం జరుగుతోందో అర్థమైతే ఎప్పుడు చేతులు కట్టుకుని నిలబడాలో, ఎప్పుడు అడ్డుపడాలో తెలుస్తుంది. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ప్రధానంగా అదే.

నార్వేకు చెందిన థోర్‌లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె కోళ్లలో ఏది దేన్ని పొడుస్తుందో ఓపికగా గమనించి, ఆ వరుసను 1921లో వివరించాడు. ప్రతి కోడికీ మందలో ఒక స్థానం ఉంటుంది. పై స్థానంలోది కిందిదాన్ని పొడుస్తుంది, కిందిది తప్పుకుంటుంది. ఇది ఎప్పుడూ నిచ్చెనలా తిన్నగా ఉండదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడిచినా ఆ మూడోది తిరిగి మొదటిదాన్నే పొడిచే సందర్భాలు కూడా ఉంటాయి. అంటే మందకంతటికీ కలిపి ఒకే తీర్పు ఉండదు. ఏ రెండు కోళ్లను తీసుకున్నా ఆ రెండింటి మధ్య విడిగా ఒక ఒప్పందం ఉంటుంది. మీ దగ్గర 6 పెట్టలుంటే కొత్తది 6 ఒప్పందాలు కుదుర్చుకోవాలి. ఒక్కో ఒప్పందం ఒకటి రెండు పోట్లతో తేలిపోవచ్చు, లేదా నాలుగు రోజులు సాగవచ్చు.

ఈ వరుస వల్ల మందలో గొడవలు పెరగవు, తగ్గుతాయి. ఎవరు తప్పుకోవాలో ముందే తెలిసిన చోట గింజ గింజకూ కొట్లాట అక్కర్లేదు. కొత్త పెట్ట వచ్చాక గొడవంతా ఆ ఒప్పందం ఇంకా లేనందుకే. కోళ్లు ఒకదాన్నొకటి ముఖ్యంగా తల, తురాయి చూసి గుర్తుపడతాయి. తెలియని తల కనబడితే అది పరాయిదే. జబ్బు చేసిందని కొన్ని వారాలు దూరంగా ఉంచిన మీ సొంత కోడిని తిరిగి తెచ్చినా దానికీ ఇదే మర్యాద జరగవచ్చు.

కాబట్టి కుర్ర పెట్టకు మనం స్నేహితులను సంపాదించి పెట్టలేం. దానికి ఇవ్వగలిగింది చోటు. పోటు పడ్డాక వెనక్కి తగ్గడానికి చోటు, కంటికి కనబడకుండా నిలబడడానికి చోటు, పెద్దవాటి కళ్లు కప్పి కడుపు నింపుకోవడానికి చోటు. ఓడిపోయిన కోడి తప్పుకోగలిగితే గెలిచిన కోడి అక్కడితో ఆగుతుంది. తప్పుకునే వీలు లేకపోతే పొడుస్తూనే ఉంటుంది. పెద్ద పెద్ద గాయాలు ఎక్కువగా అయ్యేది ఇరుకు గూళ్లలోనే. గూటి లోపల కోడికి కనీసం 4 చదరపు అడుగులు, బయట తిరిగే ఆవరణలో 10 చదరపు అడుగులు అన్నది మామూలు లెక్క. కొత్తవాటిని కలిపే రోజుల్లో ఇంకాస్త ఉంటే మంచిది. అంత చోటు లేకపోతే కొత్త కోడిని తేవడమే మానుకోమంటాను.

ఎప్పుడు కలపాలి

వయసు కన్నా ఒళ్లు ముఖ్యం. కుర్ర పెట్ట దాదాపు పెద్దవాటి పరిమాణానికి రావాలి. చాలా జాతుల్లో 16 వారాలకు అటూ ఇటూగా ఆ ఎదుగుదల వస్తుంది. చిన్న జాతి పెట్టను పెద్ద జాతి మందలో కలుపుతుంటే ఎంత ఆగినా పరిమాణం సమానం కాదు. అలాంటప్పుడు దాక్కునే చోట్లు రెట్టింపు పెట్టాలి. ఎనిమిది వారాల పిల్లను పెద్ద పెట్టల మధ్య వదిలితే మాత్రం అది ఒప్పందం దాకా బతకకపోవచ్చు.

వీలైతే ఒక్కదాన్ని తేవద్దు, కలిసి పెరిగిన రెండింటిని తెండి. అప్పుడు పోట్లు పంచుకుంటాయి, మూలన నిలబడ్డా తోడుంటుంది, మేత దగ్గరికి వెళ్లే ధైర్యం వస్తుంది. ఇప్పటికే ఒక్కటే తెచ్చేసి ఉంటే పాత మందలోని అన్నిటికన్నా నెమ్మదైన పెట్టను దాని పక్కన కొన్నాళ్లు ఉంచి, ఆ రెండింటినీ జతగా మందలోకి పంపవచ్చు. పాతవి ఈకలు రాల్చే రోజుల్లో, ఎండలు మండిపోయే రోజుల్లో, కుక్కో ముంగిసో మందను బెదరగొట్టిన వారంలో ఈ పని పెట్టుకోకండి.

మెష్ గోడ

మొత్తం పనిలో సగం ఇక్కడే జరుగుతుంది, అందుకే దీన్ని తొందరగా దాటేయకండి. పాత కోళ్లు తిరిగే ఆవరణలోనే ఒక పక్క ఇనప మెష్‌తో చిన్న అర కట్టండి. కొత్త పెట్ట అందులో ఉంటుంది. ఒకదానికొకటి పొద్దస్తమానం కనబడతాయి, వినబడతాయి, తాకలేవు. మెష్ కన్ను తల దూరనంత సన్నగా ఉండాలి. అరలో సొంత నీళ్లు, సొంత మేత, నీడ, ఎక్కి కూర్చునే కర్ర, అడ్డంగా ఒక అట్టపెట్టో చెక్క పలకో ఉండాలి. చూపులు తప్పించుకునే చాటు దానికి మెష్ లోపల కూడా కావాలి.

మొదటి రోజుల్లో పాతవి మెడ ఈకలు నిక్కబొడుచుకుని మెష్ దగ్గరికి వస్తాయి, జాలీ మీద పొడుస్తాయి, అటూ ఇటూ నడుస్తాయి. అది సహజం. మేత గిన్నెలను మెష్‌కు ఇవతల ఒకటి, అవతల ఒకటి కాస్త దూరంలో పెట్టి, రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరపండి. పక్కపక్కన తినడం అలవాటవుతుంది. మీరు ఎదురు చూడాల్సిన గుర్తు చాలామంది ఊహించేది కాదు. పాతవి కొత్తదాని పక్కన చేరి కూర్చోవాలని లేదు, దాన్ని పట్టించుకోవడం మానేయాలి. మెష్ పక్కగా వెళ్తూ దానివైపు చూడకుండా నేల గీరుకుంటున్నాయంటే పని అయింది. దీనికి వారం పట్టవచ్చు, రెండు వారాలు పట్టవచ్చు. క్యాలెండర్ చూసి మెష్ తీయకండి, కోళ్లను చూసి తీయండి.

ఈ రోజుల్లోనే మీరు ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఒకేచోట గుప్పెడు గింజలు వేసి, ఏది ముందు వస్తుంది, దేన్ని చూసి ఏది పక్కకు జరుగుతుంది అని రాసుకోండి. పాత మంద వరుస తెలియకుండా కొత్తదాన్ని కలిపితే ఎవరితో సమస్యో తేలదు. ఒక మాట ముందే చెప్తాను, అన్నిటికన్నా పైనున్న పెట్ట మీదే అనుమానం పెట్టుకోకండి. అది ఒక పోటు పొడిచి తన దారిన పోవచ్చు. వరుసలో అడుగున ఉన్నదే తన కిందికి ఇంకొకటి వచ్చిందని తరచూ ఎక్కువ వెంటపడుతుంది.

మేత సంగతి కూడా మెష్ దశలోనే సర్దుకోవాలి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. ఇంకా గుడ్డు పెట్టని పెట్టకు సుమారు ఒక శాతం చాలు. ఎక్కువ కాల్షియం వారాల తరబడి తింటే దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపాక గిన్నెలు వేరుగా నడవవు. అందువల్ల అన్నిటికీ ఎదిగే కోళ్ల దాణా వేసి, ఆల్చిప్పల పొడో సున్నపురాయి ముక్కలో విడిగా ఒక గిన్నెలో పెట్టండి. గుడ్డు పెట్టే కోడి తనకు కావాల్సినంత అందులో తీసుకుంటుంది, కుర్రది దాని జోలికి పెద్దగా పోదు.

మెష్ తీసే రోజు

తీసే ముందు ఆవరణను మార్చండి. మేత గిన్నెలు, నీళ్ల తొట్లు రెండేసి ఉండాలి, ఒకదాని దగ్గర నిలబడ్డ కోడికి రెండోది కనబడకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే. రెండు గిన్నెలు పక్కపక్కన పెడితే ఒక గడుసు పెట్ట రెండింటినీ కాపలా కాయగలదు. నిలబెట్టిన చెక్క పలక, మొద్దు, కొమ్మల కట్ట, పాత బల్ల, ఏదైనా చాటుగా పనికొస్తుంది. అయితే ప్రతి చాటుకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న మూల దాక్కునే చోటు కాదు, ఇరుక్కుపోయే చోటు. కుర్ర పెట్ట ఒళ్లు ఇంకా కొంచెం చిన్నదైతే దాని మెష్ అరను అలాగే ఉంచి, అది మాత్రమే దూరగలిగే చిన్న కంత పెట్టండి. పెద్దవి ఆ కంతలో పట్టవు. దీనికన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు.

మొదటి కలయిక సాయంత్రం పూట, గూటికి చేరడానికి గంటో రెండు గంటలో ముందు పెట్టుకోండి. కోళ్లు అప్పటికి కడుపు నింపుకుని ఉంటాయి, చీకటి పడితే గొడవ దానంతటదే ఆగుతుంది. ఆకుకూర తరుగు ఆవరణంతా దూరదూరంగా చల్లి, మెష్ తలుపు తీసి వదిలేయండి. పెట్టను చేత్తో పట్టుకొచ్చి మధ్యలో దించకండి. అది తనంతట తానే బయటికి రావాలి. మొదటి సాయంత్రం రాకపోయినా పరవాలేదు.

ఇప్పుడు మీ పని చూడడం. ఒక పెట్ట తల మీద టక్కున పొడవడం, నాలుగడుగులు తరమడం, ఎదురెదురుగా మెడలు చాచి రొమ్ములు ఆనించి ఎగరడం, కుర్రది కీచుమని పారిపోవడం, ఇవన్నీ ఒప్పందం కుదిరే తీరు. అడ్డుపడకండి. కిందపడి లేవలేకపోయినదాన్ని ఎక్కి తల మీద వదలకుండా పొడుస్తుంటే, రెండు మూడు కలిసి మూలకు తోస్తే, పారిపోయినదాన్ని ఆవరణంతా ఆపకుండా వెంటాడితే అప్పుడు లేవండి. రక్తం కనబడితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆ కోడిని బయటికి తీయాలి. ఎర్రని గాయం మిగతావాటిని పొడవడానికి పిలుస్తుంది, అప్పటిదాకా ఊరుకున్నవి కూడా వచ్చి పొడుస్తాయి. గాయం కడిగి, పూర్తిగా మానేదాకా మెష్ వెనక ఉంచండి. అక్కడి నుంచే మందకు కనబడుతూ ఉంటే చేసిన పరిచయం వృథా పోదు.

ఒకే ఒక్క పెట్ట వదలకుండా వేధిస్తుంటే కుర్రదాన్ని తీయకండి, ఆ గడుసుదాన్ని తీయండి. మూడు నాలుగు రోజులు మందకు కనబడని చోట నీళ్లు, మేత పెట్టి ఉంచండి. ఈలోగా కొత్తది మిగతావాటితో సర్దుకుంటుంది. గడుసుది తిరిగి వచ్చేసరికి తన స్థానాన్నే మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది, ఆ పనిలో దాని దూకుడు తగ్గుతుంది. మందలో పుంజు ఉంటే చాలాసార్లు అదే పెట్టల మధ్యకు వచ్చి గొడవ ఆపుతుంది. అయితే కుర్ర పెట్టను అది పదే పదే ఎక్కుతోందేమో, వీపు మీద ఈకలు ఊడుతున్నాయేమో చూసుకోవాలి.

రోజూ సాయంత్రం కలయికను కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పోండి. పగటిపూట సగం సేపు రక్తం లేకుండా గడిచాక రాత్రి గూటికి వద్దాం. చీకటి పడ్డాక కుర్రదాన్ని పడుకునే కర్ర మీద, వరుస చివరన, నెమ్మదైన పెట్ట పక్కన కూర్చోబెట్టండి. కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్ల కర్ర కావాలి, ఈ వారాల్లో రెండో కర్ర కూడా ఉంటే మేలు. మెష్ దశ ఏమీ లేకుండా రాత్రి గుట్టుగా గూట్లో పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి రాత్రి గొడవ ఉండదు, అంతే. పొద్దున్నే పరాయి తలను గుర్తుపడతాయి, అప్పుడు తలుపు మూసిన ఇరుకు గూట్లో కొత్తదానికి తప్పుకునే చోటుండదు. అందుకే ఆ మొదటి ఉదయాల్లో వెలుగు రాకముందే మీరు వెళ్లి తలుపు తీయాలి.

పెట్ట నిజంగా తింటోందో లేదో పగలు చూసి చెప్పలేం. రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు మెడ అడుగున, రొమ్ముకు పైన కుడివైపున మేత నిలవుండే సంచిని వేళ్లతో తడమండి. నిండుగా ఉబ్బి ఉండాలి. వరసగా రెండు రాత్రులు ఖాళీగా తగిలితే దాన్ని గిన్నె దగ్గరికి రానివ్వడం లేదన్నమాట, గిన్నెల చోటు మార్చండి లేదా కంత ఉన్న అరలో మూడోది పెట్టండి. వారానికోసారి తూకం చూడండి. ఈ రోజుల్లో పాతవి గుడ్లు తగ్గించవచ్చు, అందుకు కంగారు పడి దాణా మార్చకండి.

సాధన: మెష్ పెట్టిన రోజు నుంచి మీ నోటు పుస్తకంలో రోజూ మూడు విషయాలు రాయండి. మెష్ దగ్గర పాత కోళ్ల తీరు, రాత్రి మేత సంచి నిండుగా ఉందా లేదా, కొత్త పెట్ట వెంటబడుతున్నది ఏది. వచ్చే పాఠంలో కుర్ర పెట్ట తురాయి ఎర్రబడడం, మీరు చేయి చాపితే ఒదిగి కూర్చోవడం, మొదటి గుడ్డుకు గంప సిద్ధం చేయడం చూద్దాం. దాన్ని మొదలుపెట్టడానికి ఈ పుస్తకం చేతిలో ఉండాలి.